పదకొండు అకౌంట్లు, ఒకే తాళం

లెక్కల టీచర్‌ని నాలుగింటికి అరెస్టు చేస్తానని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పేశాడు. మూడున్నరకి స్కూలు కమిటీ కూర్చుని ఆవిడ ఉద్యోగం తీసేస్తుంది. అది అయ్యాక అరెస్టు చేస్తే ఆయనకి పని తగ్గుతుంది. ఉద్యోగంలో ఉన్న టీచర్‌ని తీసుకెళ్ళాలంటే ఐదు ఫారాలు నింపాలి. ఉద్యోగం లేని టీచర్‌కి రెండు చాలు.

డిటెక్టివ్ స్టాఫ్‌రూంలో అడుగుపెట్టేసరికి గోడ గడియారంలో రెండూ పదిహేను. ఆమెకి యాభై రెండేళ్ళు. ఈ పనిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు రైల్వేలో, పోయిన సామాన్ల కౌంటర్లో కూర్చుంది. తమ పెట్టె ఏ రంగులో ఉంటుందో తమకే తెలియని మనుషులతో అంతకాలం మాట్లాడాక, ఎవరు ఏం చెప్పినా ఆశ్చర్యపోవడం మానేసింది.

గదిలో నలుగురున్నారు. కుర్చీ అంచున కూర్చున్న టీచర్. ఆవిడ పక్కన ఆవిడ చెల్లెలి మొగుడు, అంటే మరిది. డిటెక్టివ్‌ని పిలిపించింది అతనే. బల్లకి అవతల ఇన్‌స్పెక్టర్. అందరికీ మంచినీళ్ళు అందిస్తూ పరీక్షల ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి మెత్తని మనిషి. జేబులో నాలుగు పెన్నులు, నడుముకి తాళాల గుత్తి.

బల్ల మధ్యలో సీలు వేసిన ప్లాస్టిక్ కవరు, అందులో టీచర్ ఫోను. నిన్న మధ్యాహ్నం నుంచి అది స్విచాఫ్‌లో, ఇన్‌స్పెక్టర్ కస్టడీలో ఉంది.

"నిన్న పొద్దున ఏమైందో చెప్పండి. టైములతో," అంది డిటెక్టివ్.

"తొమ్మిదీ ఇరవై ఐదుకి ఫోను ట్రేలో పెట్టేశానండి," అంది టీచర్. "పరీక్ష డ్యూటీ ఉన్నవాళ్ళ దగ్గర ఫోనుండకూడదని రూలు. పది నుంచి పన్నెండు దాకా తొమ్మిదో తరగతి హాల్లో ఉన్నా. బయటికొచ్చేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చానేమో అనుకున్నా."

"పదీ పన్నెండుకి ఈవిడ అకౌంట్ నుంచి పేరెంట్స్ గ్రూపులో పదో తరగతి లెక్కల పేపరు ఫొటో పడింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇవాళ జరగాల్సిన పరీక్షది."

"పేరెంట్స్ ఏమన్నారు?"

ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు. నలభై ఏడుగురిలో నలభై ఆరుగురు దండం బొమ్మ పెట్టారు. నలభై ఏడో ఆయన సైన్సు పేపరు కూడా ఉందా అని అడిగాడు. కంప్లైంట్ ఇచ్చింది మాత్రం పరీక్షల ఇన్‌ఛార్జి.

"నా బాధ్యత కదండీ," అన్నాడు ఇన్‌ఛార్జి, తల వంచుకుని. "టీచరమ్మ నాకు చెల్లెల్లాంటిది."

"ఫోను ట్రేలో ఉంటే మెసేజ్ ఎలా వెళ్ళింది?"

"టైం పెట్టి పంపొచ్చు మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రాత్రే పెట్టేస్తే పొద్దున దానంతటదే వెళ్తుంది. మా ఆవిడ పుట్టినరోజుకి నేనలాగే పంపుతా."

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే ఇంకెందుకు?" ఆయన ముందుకి వంగాడు. "చూడండి. పేపరు తయారుచేసింది ఈవిడ. అకౌంటు ఈవిడది. సెక్యూరిటీ గురించి నాకు చెప్పకండి. మూడు రోజుల ట్రైనింగుకెళ్ళొచ్చా, సర్టిఫికెట్ కూడా ఉంది."

డిటెక్టివ్ బల్ల మీదున్న ఆయన సొంత ఫోను వైపు చూసింది.

"మీ ఫోన్ లాక్ పైనుంచి కిందికి గీసి కుడికి తిప్పడం. అద్దం మీద వేలి జిడ్డు ఈ కుర్చీకి కూడా కనిపిస్తోంది."

ఇన్‌స్పెక్టర్ ఫోను తీసి చొక్కాకి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ట్రైనింగు ప్రస్తావన తేలేదు.

ట్రే రిజిస్టరు అడిగితే ఇన్‌ఛార్జే తెచ్చాడు. పన్నెండు గళ్ళు, పన్నెండు సంతకాలు. ఒకటో గడి ఇన్‌ఛార్జిది, ఎనిమిదీ యాభై. ఏడో గడి టీచర్‌ది, తొమ్మిదీ ఇరవై ఐదు. ట్రే ఉంచే బీరువా తాళం ఇన్‌ఛార్జి గుత్తిలోదే.

"పదీ పన్నెండుకి మీరెక్కడున్నారు?"

"రౌండ్స్‌లోనండి. ప్రతి హాల్లోనూ సంతకం పెట్టా, చూడండి."

"పదీ ఐదుకి నాలుగో హాలు. పదీ ఇరవైకి ఐదో హాలు. రెండు హాళ్ళ మధ్య ఎంత దూరం?"

"పక్కపక్కనేనండి."

"పదిహేను నిమిషాలు పట్టింది."

"నాకు మోకాళ్ళ నొప్పులు," అన్నాడు ఇన్‌ఛార్జి, ఏ మాత్రం తడబడకుండా.

"పెద్దాయన్ని ఎందుకండీ ఇబ్బంది పెడతారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సార్, ఇందాక టీ అన్నారు?"

"చెప్పానండి, వస్తోంది."

రెండున్నరకి డిటెక్టివ్ పరీక్షల గది చూస్తానంది. స్టాఫ్‌రూం పక్కదే. ఒక బల్ల, ఒక కుర్చీ, పేపర్ల కట్టలున్న ఇనప బీరువా. కుర్చీ వెనక గోడకి ప్లగ్గు, అందులో చార్జరు, దాని తీగ చివర ఖాళీగా వేలాడుతోంది.

డిటెక్టివ్ వంగింది. స్టాఫ్‌రూంలో ఆమె లెక్కపెట్టిన ఆరు చార్జర్లూ కొత్తరకం, ఎటు తిప్పినా పట్టేవి. ఇది పాతరకం, ఒకవైపే పడుతుంది. వేలితో తాకి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.

"ఇదెవరిది?"

"ఎవరిదో పాతదండి. ఎప్పట్నుంచో గోడకే ఉంది." ఇన్‌ఛార్జి గొంతు మారలేదు. ఎడమచెయ్యి మాత్రం ప్యాంటు జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

డిటెక్టివ్ చార్జరు ఊడదీసి చేతిలో పట్టుకుని బీరువా వైపు తిరిగింది.

"పేపర్ల కట్ట పరీక్షకి ముందే ఎవరైనా విప్పి మళ్ళీ అంటిస్తే తెలుస్తుందా?"

"తెలీకపోవడమేంటండీ. కవరు మీద సీలు, సంతకం, టైము ఉంటాయి. పరీక్షలయ్యాక కవర్లన్నీ కాల్చేస్తాం."

"అన్నీనా?"

ఇన్‌ఛార్జి బీరువా వైపు ఓసారి చూశాడు. ఆ రోజంతటిలో ఆయన ఆలోచించి మాట్లాడింది అదొక్కసారే.

"అన్నీనండి," అన్నాడు. "టీ ఏమైందో చూసొస్తా."

అప్పుడు టైము రెండూ నలభై.

డిటెక్టివ్ స్టాఫ్‌రూంలోకి తిరిగొచ్చి చార్జరుని బల్ల మీద పెట్టింది. అది ఎవరిదని అడగబోయింది. ఆ అవసరం లేకుండానే మరిది మొహం వెలిగింది.

"అరె, ఇది నాదే."

"మీదని ఎలా తెలుసు?"

"తీగ మెడ దగ్గర చూడండి. పెన్ను స్ప్రింగు చుట్టా. అక్కడే కదండీ చార్జర్లు తెగిపోయేది. ఇది నా సొంత టెక్నిక్."

మరిది టైల్స్ గోడౌన్లో స్టోర్‌కీపరు. ఎనిమిదేళ్ళ క్రితం మామగారి ఫోన్లో రింగ్‌టోన్ మార్చి, ఆ సాయంత్రం నుంచి ఇంటిల్లిపాదికీ కంప్యూటర్ ఇంజనీరయ్యాడు. ఎవరు కొత్త ఫోను కొన్నా డబ్బా విప్పేది అతనే. విప్పనివ్వకపోతే రెండు రోజులు మాట్లాడడు.

"మీ చార్జరు పరీక్షల గదిలో ఎందుకుంది?"

"ఫోనుతోపాటు ఇచ్చేశానండి. నాలుగు నెలలైంది. షాపువాళ్ళు ఎక్స్చేంజికి మరీ తక్కువన్నారు. వదినని దింపడానికొచ్చినప్పుడు ఇన్‌ఛార్జి సార్ కనిపించి, వాళ్ళ ఇంట్లో పిల్లాడికి పాఠాలు వినడానికి ఏదైనా పాత ఫోను కావాలన్నారు. తీసుకున్నారు. స్క్రీన్‌గార్డు కూడా నేనే మార్చిచ్చా."

"ఫోనులో ఉన్నవన్నీ తుడిచేశారా?"

"ఫొటోలు డిలీట్ చేశా."

"మెయిలు?"

మరిది పెన్ను స్ప్రింగుని వేలితో నిమిరాడు. "పాత మెయిలండి అది. నేనిప్పుడు వాడటం లేదు."

"మీ వదిన అకౌంటు తెరిచింది మీరేనా?"

"అందరివీ నేనేనండి. అత్తగారు, మామగారు, వదిన, మా ఆవిడ, మొత్తం పదకొండు అకౌంట్లు."

"పాస్‌వర్డు మర్చిపోతే కొత్తది ఏ మెయిలుకొస్తుంది?"

"నా మెయిలుకే. వీళ్ళకి తెలీదు కదండీ."

"ఏ మెయిలు?"

"పాతదే."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"పాస్‌వర్డులు?" అంది డిటెక్టివ్.

"ఒకటే. మా పాప ముద్దుపేరు, ఒకటి రెండు మూడు. స్ట్రాంగ్‌గా ఉండాలని మొదటి అక్షరం పెద్దది పెట్టా. ఎవరూ మర్చిపోకుండా అందరిళ్ళలో ఫ్రిజ్ మీద అంటించా." కాసేపాగి, "లామినేషన్ చేయించి," అన్నాడు.

"రెండో తాళం పెట్టుకోమని ఆ మెసేజ్‌ల యాప్ అడుగుతుంది. పాస్‌వర్డు కొట్టాక ఇంకో కోడ్ కూడా కొట్టమంటుంది."

"పెట్టానండి. అందరికీ పెట్టా. ఆ కోడ్ కూడా నా మెయిలుకే వస్తుంది."

గడియారంలో రెండూ యాభై.

"చార్జరు సాక్ష్యం కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాత ఫోను కొనడం నేరమూ కాదు. పెద్దమనిషికి టీచరమ్మని ఇరికించాల్సిన ఖర్మేంటి?"

టీచర్ తలుపు వైపు చూసింది. ఇన్‌ఛార్జి ఇంకా రాలేదు. అప్పుడు నోరు విప్పింది.

"ఒక కవరుంది," అంది నెమ్మదిగా. "అర్ధసంవత్సర పరీక్షల కవరు. సీలు రెండుసార్లు వేసి ఉంది. రెండో సీలు పక్కన ఆయన సంతకం, టైము. పరీక్షకి మూడు రోజుల ముందుది. అలవాటులో పెట్టేసినట్టున్నారు, ఆయన ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు. చెత్తబుట్టలో దొరికింది. ఇప్పటిదాకా ఆయన ఇక్కడే ఉన్నారు, ఎలా చెప్పను?"

"ఎక్కడుంది?"

"చెల్లి దగ్గర. బట్టల బీరువాలో, కింది అరలో."

"ఆ సంగతి ఎవరెవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదండి. దానికి ఒక్కదానికే మెసేజ్ పెట్టా." ఆవిడ ఆ మాట అన్నాక, ఏమన్నదో ఆవిడకే వినపడింది.

డిటెక్టివ్ స్టాఫ్‌రూం కంప్యూటర్ ముందు కూర్చుంది. అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది. ఈలోపు మరిది తన ఫోన్లో పాత మెయిలు తెరిచాడు. దాని పాస్‌వర్డు కూడా పాప ముద్దుపేరే. పైనుంచి కిందిదాకా ఒకటే ఉత్తరం, ఇరవై ఆరుసార్లు: మీ అకౌంటులోకి కొత్త ఫోను నుంచి ఎవరో ప్రవేశించారు, అది మీరు కాకపోతే వెంటనే చెప్పండి.

"ఇలాంటివి కొత్త మెయిలుకి కూడా వచ్చేవండి," అన్నాడు మరిది. "ఊరికే భయపెడతారని చూడటం మానేశా."

వదిన పేరు, పాప ముద్దుపేరు, ఒకటి రెండు మూడు. కోడ్ వచ్చింది. మరిది చదివాడు, డిటెక్టివ్ కొట్టింది. టీచర్ అకౌంట్ తెరుచుకుంది.

ముందు ఏయే ఫోన్లు లోపలున్నాయో చూసింది. జాబితాలో ఈ కంప్యూటర్ కాక రెండున్నాయి. మొదటిది టీచర్ ఫోను: చివరగా వాడింది నిన్న తొమ్మిదీ ఇరవై రెండు. రెండోది పాత మోడలు. మోడలు పేరు చదవక్కర్లేకుండానే మరిది గుర్తుపట్టాడు. దాని పక్కన చిన్న పచ్చచుక్క.

ఇప్పుడు వాడుకలో ఉంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి, బల్ల మీది సీలు కవరుని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫోను లోపలే ఉంది. చీకటిగా, చల్లగా.

"మీ కస్టడీలో ఉన్న మనిషి ఇప్పుడు మెసేజ్‌లు పంపుతోంది సార్," అంది డిటెక్టివ్. "అరెస్టు ఎవర్ని చేస్తారో చూసుకోండి."

ఇన్‌స్పెక్టర్ కవరు చేతిలో పట్టుకునే తెర దగ్గరికొచ్చాడు. తెరమీద అన్నిటికంటే పైన ఉన్న సంభాషణ చదువుతున్నాడు. పేరు: పిచ్చుక. టీచర్ చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ పిలిచే పేరు.

రెండూ నలభై రెండు. అక్క: "పిచ్చుకా, ఆ కవరు తీసుకుని స్కూలు వెనక గేటుకి రా. ముందు గేట్లో పోలీసులున్నారు. ఇన్‌ఛార్జి సార్ ఒక్కరే నా వైపున్నారు, ఆయన ఫోన్లోంచే ఇది రాస్తున్నా. ఎవరు ఫోన్ చేసినా ఎత్తకు, మీ ఆయన చేసినా సరే. మిగతా ఫోన్లన్నీ పోలీసుల చేతిలోనే ఉన్నాయి."

రెండూ నలభై మూడు. పిచ్చుక: "సరే అక్కా. భయపడకు. బయల్దేరా."

రెండూ యాభై తొమ్మిది. పిచ్చుక: "వచ్చేశా. వెనక గేటు దగ్గరున్నా."

గోడ గడియారంలో మూడు.

మరిది పెళ్ళానికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. చెప్పిన మాట వినే మనిషి ఆమె. ఎత్తొద్దంటే ఎత్తదు.

"వెనక గేటు ఎటు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతు వేరే మనిషిది.

"గ్రౌండుకి అవతల చివర," అంటూనే మరిది పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ కూడా తీసుకోకుండా, చేతిలో సీలు కవరుతోనే అతని వెనకే పరుగెత్తాడు. ఫారాలు బల్ల మీదే మిగిలిపోయాయి.

డిటెక్టివ్ పచ్చచుక్క ఉన్న ఫోనుని ఎంచుకుని, తొలగించమన్న మీట నొక్కింది. తెరమీద మర్యాదగా ఒక పెట్టె తెరుచుకుంది. మీరు ఈ అకౌంట్‌లోకి ఇప్పుడే వచ్చారు. పాత ఫోన్లను తొలగించడానికి ఇరవైనాలుగు గంటలు ఆగండి. ఇది మీ భద్రత కోసం.

"నేను రాస్తా," అంది టీచర్. కీబోర్డు లాక్కుంది.

"పిచ్చుకా ఇందాక రాసింది నేను కాదు. ఇది నేను. ఆయన దగ్గరికి వెళ్ళకు. లోపలికి పరుగెత్తుకురా."

మెసేజ్ వెళ్ళింది. పక్కన రెండు గీతలు పడ్డాయి. చదివింది.

ఆ వెంటనే దాని కింద ఇంకొకటి పడింది. అదే పేరు, అదే ఫొటో, క్లాసురూంలో సుద్దముక్క పట్టుకుని నవ్వుతున్న టీచర్.

"పైది నేను రాసింది కాదే. పోలీసులు నా అకౌంట్లో కూర్చుని రాస్తున్నారు. సార్ కారెక్కెయ్. కవరొక్కటే చాలదు, నువ్వూ వచ్చి సంతకం పెట్టాలి."

"గొంతు వినిపిద్దాం," అంది టీచర్. "మాట్లాడి పంపుదాం."

కంప్యూటర్‌కి మైకు లేదు. కొనమని రెండేళ్ళ క్రితం కాగితం పెట్టారు. డిటెక్టివ్ అప్పటికే తన ఫోన్లో అదే అకౌంటు తెరవడం మొదలుపెట్టింది. పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది. కోడ్ అడిగింది. కోడ్ మెయిలుకొస్తుంది. మెయిలు మరిది ఫోన్లో ఉంది. కిటికీలోంచి చూస్తే మరిది గ్రౌండు మధ్యలో పరుగెడుతున్నాడు, ఆ ఫోను చెవికి పెట్టుకుని, పెళ్ళానికి కాల్ చేస్తూ.

తెరమీద కొత్త వరుస పడింది.

పిచ్చుక: "మీ ఇద్దరిలో అక్క ఎవరు?"

టీచర్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"మీ ఇద్దరికే తెలిసింది ఏదైనా రాయండి," అంది డిటెక్టివ్. "మీరెప్పుడూ ఫోన్లో రాయనిది."

టీచర్ నోరు తెరిచింది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పగలగొట్టిన అద్దం. దాని గురించి పోయినేడు నవ్వుకుంటూ రాసుకున్నారు. నాన్నకి తెలియకుండా చూసొచ్చిన సినిమా. రాశారు. పెళ్ళికి ముందు రోజు చెల్లి ఏడ్చిన సంగతి. అది నాలుగు పేజీలుంటుంది. అమ్మ చివరగా అన్న మాట. అదీ రాశారు, ఏడ్చే బొమ్మలతో సహా. ఎనిమిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు రోజుకి రెండు గంటలు రాసుకున్నారు. పక్కపక్క గదుల్లో ఉన్నప్పుడు కూడా రాసుకున్నారు.

"ఏదో ఒకటి ఉంటుంది," అంది టీచర్, తనతో తనే. "ఏదో ఒకటి ఉండాలి."

ఆవిడకి అది దొరక్కముందే, తెరమీద రెండో అక్క రాయడం పూర్తిచేసింది.

"నీ ఎడమ మోచేతి మీద మచ్చ. ఇస్త్రీపెట్టె పెట్టింది నేను, నేనే కాల్చుకున్నానని అమ్మకి చెప్పింది నువ్వు. ఇప్పటికైనా నమ్ముతావా పిచ్చుకా?"

"అది నేను రాసిందే," అంది టీచర్. "దాని పుట్టినరోజున. సారీ చెబుతూ. అక్షరం మార్చలేదు."

కిటికీ అవతల, గ్రౌండు చివర, ఏదో ఇంజను స్టార్టయిన చప్పుడు. మరిది ఇంకా గోల్‌పోస్టు కూడా దాటలేదు.

మూడూ నాలుగు. పిచ్చుక: "నమ్మాను అక్కా. కారెక్కేశా."